స్పానిష్‌కు ఇంగ్లీష్ మీదుగానే వెళ్ళాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతి బాలాజీ కాలనీలో సాయంత్రాలు స్పానిష్ పాఠాలు చెబుతుంటాను. చేరే ముందు చాలామంది అడిగేది ఒకటే: "మేడమ్, నాకు ఇంగ్లీష్ అంతంత మాత్రమే. స్పానిష్ వస్తుందా?"

అపోహ: ఇంగ్లీష్ బాగా వస్తేనే స్పానిష్ వస్తుంది.

ఒకరోజు క్లాసులో "నాకు మామిడిపళ్ళు ఇష్టం" అని స్పానిష్‌లో చెప్పమన్నాను. చిత్తూరు నుంచి వచ్చే అమ్మాయి కళ్ళు మూసుకుని, ముందు ఆ మాటను లోలోపల ఇంగ్లీష్‌లోకి మార్చుకుంది. పెదాలు కదలడం కనిపిస్తూనే ఉంది. తర్వాత "యో గుస్తో మాంగోస్" అంది. అది తప్పు. బోర్డు మీద "నాకు" అని రాసి, దాని కింద "మే" అని రాశాను. "మే గుస్తాన్ లోస్ మాంగోస్." అమ్మాయి ముఖం విప్పారింది. "మన మాటే కదా మేడమ్!" అంది.

నిజంగా మన మాటే. మే అంటే నాకు, తే అంటే నీకు, లే అంటే ఆయనకు లేదా ఆమెకు. ఇష్టమైనది ఒక్కటైతే గుస్తా, ఎక్కువైతే గుస్తాన్. మధ్యలో ఇంగ్లీష్ దూరితే మన "నాకు" కాస్తా "నేను" అయిపోతుంది. తప్పు పుట్టేది అక్కడే.

క్రియలూ అంతే. మనం "మాట్లాడతాను" అంటే చాలు, "నేను" అని వేరే చెప్పక్కర్లేదు. స్పానిష్‌లోనూ ఆబ్లో అంటే మాట్లాడతాను, ఆబ్లాస్ అంటే మాట్లాడతావు, ఆబ్లామోస్ అంటే మాట్లాడతాం. ఎవరో ఏమిటో చివరి అక్షరాలే చెబుతాయి. ఇంగ్లీష్ అలవాటుతో ప్రతి వాక్యానికీ ముందు "యో" (నేను) తగిలిస్తే, మాటమాటకీ "నేనైతే, నేనైతే" అన్నట్టు వినిపిస్తుంది. ఒక్క తేడా ఉంది. మనకు మాట్లాడతాడు, మాట్లాడుతుంది అని రెండు రూపాలుంటే, వాళ్ళకు ఇద్దరికీ కలిపి ఆబ్లా ఒక్కటే. ఇక్కడ మనకు పని తగ్గింది.

పలికేటప్పుడు కూడా త, ద మనవే. "తూ" అంటే నువ్వు. దాన్ని "టూ" అనకండి. గౌరవంగా మీరు అనాలంటే "ఉస్తెద్".

అపోహ: సెర్, ఎస్తార్ రెండూ ఒకటే, ఏది వాడినా ఫర్వాలేదు.

ఇవి "ఉండడం, అవడం" అనే అర్థమిచ్చే రెండు స్పానిష్ క్రియలు. రెండింటికీ ఇంగ్లీష్‌లో ఒకే క్రియ (be) కాబట్టి వచ్చిన గందరగోళం ఇది. "ఆయన టీచర్" అంటాం, క్రియే లేదు. అక్కడ సెర్: "ఎస్ ప్రొఫెసోర్". "ఆయన ఇంట్లో ఉన్నాడు" అంటాం. అక్కడ ఎస్తార్: "ఎస్తా ఎన్ కాసా". మొదటి నెలకు ఈ కొండగుర్తు బాగా పనికొస్తుంది. అన్నిచోట్లా కాదు. "ఇల్లు పెద్దగా ఉంది" అన్నప్పుడు మనకు "ఉంది" వచ్చినా వాళ్ళకు సెర్ రూపమైన "ఎస్" వస్తుంది, ఎందుకంటే అది ఆ ఇంటి స్వభావం. కాఫీ చల్లారిపోయిందనుకోండి, అది ఇప్పటి స్థితి, కాబట్టి "ఎస్తా ఫ్రియో".

ఆకలి దగ్గర మాత్రం తెలుగు, ఇంగ్లీష్ రెండూ ఆదుకోవు. "తెంగో ఆంబ్రె", అంటే ఆకలిని కలిగి ఉన్నాను అని. వయసు చెప్పడానికీ ఇదే క్రియ, తెనెర్. దీన్ని నోటికి పట్టించాల్సిందే.

అపోహ: ముందు క్రియల కాలాల పట్టికలన్నీ బట్టీ పట్టాలి, తర్వాతే మాట్లాడాలి.

ఈ పద్ధతిలో మొదలుపెట్టి రెండో నెలకే టెన్షన్ పడి మానేసినవాళ్ళను చూశాను, బాధేస్తుంది. రోజూ అవసరమయ్యే క్రియలు చాలావరకు పట్టికకు లొంగనివే: సెర్, ఎస్తార్, తెనెర్ (కలిగి ఉండడం), ఇర్, అసెర్ (చేయడం). వాటి వర్తమాన రూపాలు ముందు నేర్చుకోండి. "ఇర్" (వెళ్ళడం) వచ్చిందంటే భవిష్యత్తు కూడా చేతికొచ్చినట్టే. వోయ్ ఆ కోమెర్ అంటే తినబోతున్నాను, వామోస్ ఆ కోమెర్ అంటే తినబోతున్నాం. కొత్త పట్టిక ఒక్కటీ అక్కర్లేదు.

అపోహ: రోజుకు 50 మాటలు బట్టీ కొడితే భాష వచ్చేస్తుంది.

పది చాలు, కానీ ఒక్కో మాటతో ఒక వాక్యం మీ నోటితో అనాలి. మాటను ఒంటరిగా రాసుకోవద్దు. బల్ల "మెసా" కాదు, "లా మెసా". మనకు వస్తువులకు ఆడ, మగ తేడా లేదు కాబట్టి ముందున్న ఎల్ (మగ), లా (ఆడ) మాటలో భాగమన్నట్టే నేర్చుకోవాలి. చివర ఆ-కారం చూసి ఆడ అని ఊహిస్తే "ఎల్ ప్రొబ్లేమా" (సమస్య) దగ్గర దెబ్బ తింటారు, ఓ-కారం చూసి మగ అని ఊహిస్తే "లా మానో" (చెయ్యి) దగ్గర.

అంకెలకైతే అలిపిరి మెట్లకు మించిన నోట్‌బుక్ లేదు. మొత్తం సుమారు 3,550 మెట్లు. 16 నుంచి 29 దాకా ఒక్కో అంకె ఒకే మాట, 31 నుంచి మధ్యలో "ఇ" చేరి విడిపోతుంది: త్రెయింతా ఇ ఊనో. మా విద్యార్థి ఒకరు ప్రతి శనివారం కొండెక్కుతూ, వంద దాటగానే మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టేవారు. ప్రతి వందలోనూ సెసెంతా (60), సెతెంతా (70) దగ్గర తడబడి, అక్కడే నిలబడి మళ్ళీ అనుకుని కదిలేవారట. మూడో శనివారం గాలిగోపురం చేరేసరికి ఒక్కసారి కూడా ఆగలేదని సోమవారం క్లాసుకు వస్తూనే చెప్పారు.