గడ్డకట్టిన సముద్రమే పాఠ్యపుస్తకం

అలాస్కా ఉత్తరపు కొసన, సముద్రం ఒడ్డున, ఉట్కియాగ్విక్ అనే చిన్న ఊరు ఉంది. 2016లో ఊరివాళ్లు ఓటు వేసి తమ పాత పేరు తిరిగి తెచ్చుకునేదాకా మ్యాపుల్లో దాని పేరు బారో. నవంబరులో అస్తమించిన సూర్యుడు అక్కడ మళ్లీ జనవరి చివర్లో గాని తొంగిచూడడు. వసంతం రాగానే అక్కడి ఆదివాసీలైన ఇనుపియాట్ వేటగాళ్లు గడ్డకట్టిన సముద్రం మీదుగా, గడ్డ చీలి నీళ్లు కనబడే చోటిదాకా వెళ్లి, బేరింగ్ సముద్రం నుంచి వలస వచ్చే బోహెడ్ తిమింగలాల కోసం కాపు కాస్తారు. ఆ ఊరి తిండి, పండుగ, బంధుత్వం అన్నీ తరతరాలుగా ఆ వేట చుట్టూనే అల్లుకొని ఉన్నాయి.

1977లో తిమింగలాల వేటను నియంత్రించే అంతర్జాతీయ వేలింగ్ కమిషన్ ఆ వేటను ఆపమంది. ఆ తిమింగలాలు 600 నుంచి 2,000 మధ్య మాత్రమే మిగిలాయని అప్పటి శాస్త్రవేత్తల అంచనా. పంతొమ్మిదో శతాబ్దంలో వ్యాపార నౌకలు వాటిని ఊచకోత కోసిన మాట నిజం కాబట్టి, ఆ అంచనాను నమ్మడానికి కారణం ఉంది. లెక్కపెట్టిన పద్ధతి కూడా పైకి సబబుగానే కనబడుతుంది. మంచు దిబ్బ ఎక్కి కూర్చోవాలి, చీలికలోని నీటిలో కళ్లెదుట సాగిపోయే తిమింగలాలను లెక్కించాలి. చీలిక మూసుకుపోతే వలస ఆగిందని రాసుకోవాలి.

వేటగాళ్లు ఒప్పుకోలేదు. చీలిక మూసుకున్నా తిమింగలం ఆగదన్నారు. గడ్డ కిందుగా ఈదుతుందని, ఊపిరి అవసరమైనప్పుడు తలతో గడ్డను పైకి నెట్టి పగలగొట్టి గాలి పీల్చుకుంటుందని చెప్పారు. ఒడ్డు నుంచి కంటికి ఆనని దూరంలోనూ గుంపులు వెళ్తుంటాయన్నారు. హ్యారీ బ్రోవర్ సీనియర్ అనే వేట నాయకుడు ఈ సంగతులన్నీ ఆ ఊరు ఉన్న నార్త్ స్లోప్ ప్రాంతపు వన్యప్రాణి విభాగంలో పనిచేసిన టామ్ ఆల్బర్ట్‌కు ఓపికగా వివరించారు. ఆల్బర్ట్ వాటిని పరీక్షించదగ్గ ప్రతిపాదనలుగా తీసుకున్నారు. 1980లలో గడ్డ కింది నీటిలోకి హైడ్రోఫోన్లు, అంటే నీటిలో శబ్దాలు పట్టే మైకులు, దింపి తిమింగలాల పిలుపులు విన్నారు. విమానాల నుంచి దూరపు నీళ్లనూ పరిశీలించారు. పైన చీలిక మూసుకుపోయిన రోజుల్లో కూడా కింద వలస సాగుతూనే ఉంది. 1980ల చివరికి అంచనా ఏడు వేలు దాటింది. 2011 లెక్కలో దాదాపు 17 వేలు. తేడా అంతా పాత పొరపాటు వల్ల వచ్చింది కాదు, ఈ మధ్యకాలంలో వాటి సంతతి నిజంగానే పెరిగింది. కానీ మొదటి లెక్కలో సింహభాగం జంతువులు కాగితం మీదికి ఎక్కనే లేదు.

పర్యావరణ శాస్త్రం బోధించే తరగతి నాకు అప్పగిస్తే మొదటి పాఠంగా ఈ కథే చెబుతాను. వేటగాళ్లు కేవలం ఒక అంకెను తప్పుపట్టి ఊరుకోలేదు. పరిశీలకుడు కూర్చున్న చోటు నుంచి ఏమి కనబడదో చూపించారు. కనబడకపోవడాన్ని లేకపోవడంగా రాసుకోవడం సైన్సులో ఎంత సులువుగా జరిగే తప్పో, దాన్ని ఎలా సరిదిద్దాలో ఈ ఒక్క ఉదాహరణతో పదో తరగతి పిల్లలకు అర్థమవుతుంది. స్థానిక జ్ఞానాన్ని పాఠానికి ముందు చెప్పే సరదా కథగా, గోడమీద బొమ్మగా వాడుకునే బడులను చూస్తే నాకు బాధ కలిగేది ఇందుకే. అది అలంకారం కాదు, పరిశీలన పద్ధతి. తప్పయితే ప్రాణం పోయే చోట, తరాల తరబడి పరీక్షకు నిలిచిన పద్ధతి.

మంచు గురించి తెలుగులో రాయడానికి కూర్చుంటే వెంటనే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. పొద్దున్నే పొలాల మీద కమ్మేదీ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే, గడ్డకట్టిన నీరూ మంచుగడ్డే. మనకు ఆ తేడాలతో పనిపడలేదు కాబట్టి ఒక్క మాట సరిపోయింది. ఇనుపియాట్లకు దగ్గరి చుట్టాలైన, కెనడా ఉత్తరాన ఉండే ఇన్యూట్ ప్రజల భాష ఇనుక్టిటుట్‌లో సముద్రపు మంచుగడ్డ ‘సికు’. కొత్తగా ఏర్పడిన లేత గడ్డ ‘సికులియాక్’. నీటి మీద తేలే, ఇంకా గట్టిపడని చిక్కటి మంచు ‘కిను’. ఒడ్డును అంటిపెట్టుకొని కదలకుండా నిలిచే గడ్డ ‘తువక్’. సీల్ ఊపిరి పీల్చుకోవడానికి గడ్డలో చేసుకునే కన్నం ‘అగ్లు’. మంచుకు వాళ్లకు వంద మాటలున్నాయని మన దగ్గర కూడా చెప్పుకుంటారు. ఆ అంకెకు అర్థం లేదు. తెలుగులో ‘వెళ్లకపోయినప్పటికీ’ అని ఒక్క మాటలో అంత సంగతి ఇమిడినట్టే, ప్రత్యయాలు చేర్చుకుంటూ పోయే ఆ భాషలో ఎన్ని మాటలైనా పుడతాయి. విశేషం ఎన్ని మాటలన్నదాంట్లో లేదు, ఒక్కొక్క మాటలో ఎంత భౌతికశాస్త్రం ఉన్నదన్నదాంట్లో ఉంది.

సికులియాక్‌నే తీసుకోండి. సముద్రపు నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు, దాదాపు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర కడుతుంది. కట్టేటప్పుడు ఉప్పును బయటికి నెట్టేస్తుంది. అయినా కొంత ఉప్పునీరు గడ్డలోనే చిన్నచిన్న గూళ్లలో చిక్కుకుపోతుంది. అందువల్ల లేత సముద్రపు గడ్డ మెత్తగా, సాగే గుణంతో ఉంటుంది, అడుగు కింద వంగుతుంది. చెరువు గడ్డ అలా కాదు, పెళుసుగా ఉండి హఠాత్తుగా పగులుతుంది. నెలలు గడిచేకొద్దీ ఉప్పునీరు కిందికి జారిపోతుంది, ఏళ్ల నాటి ముదురు గడ్డను కరిగిస్తే తాగే నీళ్లు వస్తాయి. పైన మెత్తటి మంచు దుప్పటిలా కప్పితే చలి కిందికి దిగక గడ్డ మందం పెరగదు. అడుగున ప్రవాహం వేగంగా ఉన్నచోట పైకి తెల్లగా గట్టిగా కనబడే గడ్డ కిందినుంచి అరిగిపోయి ఉంటుంది. ఘనీభవనం, లవణీయత, ఉష్ణవాహకత, ప్రవాహాలు అంటూ నాలుగు అధ్యాయాలుగా మనం చదివేదంతా, ‘ఉనాక్’ అనే ఈటెతో గడ్డను పొడిచి ముందుకు అడుగు వేయాలా వద్దా అని తేల్చుకునే ఆ ఒక్క క్షణంలో ఉంది. అలాస్కా విశ్వవిద్యాలయం నడిపే పరిశోధన నౌకకు ‘సికులియాక్’ అనే పేరే పెట్టారు. ఇనుపియాట్ల భాషలోనూ ఆ మాటకు అర్థం లేత గడ్డే.

ఇంత తెలిసిన ప్రజల పిల్లలను ఒకప్పుడు బడి పేరుతో ఈ గడ్డకు దూరం చేశారు. కెనడాలో సుమారు లక్షన్నర మంది ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి వసతి పాఠశాలల్లో పెట్టారు, ఇంటి భాష మాట్లాడితే శిక్షించారు. అలాస్కాలో పల్లె పిల్లలు హైస్కూలు చదవాలంటే ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చేది. 1976లో ఒక కోర్టు ఒప్పందం కుదిరాకే ప్రభుత్వం పల్లెల్లో హైస్కూళ్లు పెట్టడం మొదలైంది. తాత వెంట మంచు మీద తిరగాల్సిన వయసు పిల్లవాడు పదిహేనేళ్లకు తిరిగి వచ్చేసరికి తాత మాట అతనికి అర్థం కాదు. జ్ఞానం తెగిపోవడం అంటే ఇదే.

దీన్ని తిరిగి అతకడానికి పూనుకున్నవాళ్లలో ఆంగయుకాక్ ఆస్కార్ కవాగ్లీ పేరు ముందు చెప్పాలి. 1934లో అలాస్కాలోని బెథెల్‌లో పుట్టిన ఈ పండితుడు యూపిక్ అనే ఆదివాసీ జాతివాడు; ఆయనను అమ్మమ్మ యూపిక్ భాషలోనే పెంచింది. తర్వాత ఆయన అలాస్కా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. తమ పెద్దలు బతుకుతెరువులో చేసే పనుల్లో సైన్సు ముందే ఉందని, బడి అక్కడి నుంచి మొదలుపెట్టాలని ఆయన జీవితమంతా వాదించారు.

ఆ వాదనకు వేసవి చేపల విడిదికి మించిన ఉదాహరణ దొరకదు. నదిలో సాల్మన్ చేపలు ఎదురీదే రోజుల్లో కుటుంబాలన్నీ ఒడ్డున మకాం వేసి చేపలు పట్టి, కోసి, దండేల మీద ఆరబెట్టి, పొగపెట్టి చలికాలానికి దాచుకుంటాయి. చీలికలు మందంగా కోస్తే లోపల తడి మిగిలి కుళ్లిపోతుంది. ఎండ మరీ తీవ్రమైతే పైపొర గట్టిపడి లోపలి తేమకు దారి మూసుకుపోతుంది. గాలి ఆడకపోతే ఈగలు గుడ్లు పెడతాయి. ఏ కట్టె పొగ మంచిదో, ఎంతసేపు పెట్టాలో చెయ్యి తిరిగిన అమ్మమ్మకు తెలుసు. ఆవిరి కావడం, గాలిలో తేమ, సూక్ష్మజీవులు, పొగలోని రసాయనాలు అన్నీ పిల్లల ముక్కుకు, వేళ్లకు తగులుతూ నేర్పే ప్రయోగశాల అది. వాతావరణ మార్పు కూడా అక్కడే కనబడుతుంది. ఆరబెట్టే రోజుల్లో వానలు ఎక్కువైతే, నీరు వేడెక్కి చేపల రాక తప్పితే, ఆ సంగతి గ్రాఫులో చూడకముందే దండెం మీద తెలుస్తుంది.

1995 నుంచి 2005 దాకా అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో అలాస్కా పల్లె బడుల్లో ఈ ఆలోచనను అమలు చేసిన పెద్ద కార్యక్రమం నడిచింది. కవాగ్లీ, ఆయన సహచరుడు రే బార్న్‌హార్ట్ దాన్ని ముందుండి నడిపారు. అందులో నాకు బాగా నచ్చింది సైన్సు ప్రదర్శనలు నిర్వహించిన తీరు. ప్రతి విద్యార్థి ప్రాజెక్టును రెండు వర్గాల న్యాయనిర్ణేతలు చూసేవారు. శాస్త్రీయ పద్ధతి సరిగా ఉందా అని శాస్త్రవేత్తలు, ఊరికి పనికివస్తుందా, సంప్రదాయానికి న్యాయం చేసిందా అని పెద్దలు. రెండు పరీక్షలూ నెగ్గాలి. ఏ ఒక్కరినీ మెప్పించి తప్పించుకునే వీలు లేదు.

కెనడాలోని నునావుట్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 1999 ఏప్రిల్ 1న ఏర్పడిన ఈ ప్రాంతంలో 25 ఊళ్లు, 2021 జనగణన ప్రకారం 37 వేల లోపు జనం, ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు లేదు. 2008లో చేసిన విద్యా చట్టం ఇన్యూట్ జ్ఞాన సంప్రదాయమే చదువుకు పునాది అని రాసుకుంది. బడిలో పాఠం చెప్పడానికి పెద్దలకు ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు చేసింది. ‘పిలిమ్మక్సర్నిక్’ అంటే చూసి, చేసి, పదేపదే సాధన చేసి నేర్చుకోవడం. అది అక్కడి పాఠశాలల ప్రకటిత సూత్రాల్లో ఒకటి. అయితే చట్టం ఒకటి, తరగతి గది ఒకటి. ఇనుక్టిటుట్‌లో బోధించగల ఉపాధ్యాయులు చాలినంత మంది లేక, పన్నెండో తరగతి దాకా మాతృభాషలో బోధన అన్న లక్ష్యాన్ని 2020లో ఏకంగా 2039కి వాయిదా వేశారు. ఇన్నేళ్లలో ఎందరు పెద్దలు మన మధ్య నుంచి వెళ్లిపోతారో తలుచుకుంటే ఆ వాయిదాను నేను తేలిగ్గా తీసుకోలేను.

పెద్దల మాట ఎప్పుడూ తప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. అలా అనడం వాళ్ల నిజాయితీకే అన్యాయం. 1979 తర్వాత ఆర్కిటిక్ ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. ఈ వేగానికి పాత గుర్తులు కొన్ని పనిచేయడం లేదని మొదట చెప్పింది పెద్దలే. నునావుట్‌కు చెందిన బాఫిన్ దీవిలోని క్లైడ్ రివర్ ఊరివాళ్లు వాతావరణం గురించి ‘ఉగ్గియానక్టుక్’ అంటారు. బాగా ఎరిగిన స్నేహితుడు ఉన్నట్టుండి కొత్తవాడిలా ప్రవర్తించడం వంటిదట. గాలి చెక్కిన నాలుక ఆకారపు గట్టి మంచు దిబ్బలను ‘ఉకాలురైట్’ అంటారు. ఏటా ఒకే దిక్కు నుంచి వీచే గాలి వాటిని ఒకే వైపుకు తిప్పి పెడుతుంది కాబట్టి, మంచు తుఫానులో, చలికాలపు చీకట్లో దిక్కు తెలుసుకోవడానికి అవే ఆధారం. గాలి మారితే ఆ దిక్సూచి తప్పు చెబుతుంది.

క్లైడ్ రివర్ వేటగాళ్లు గాలి మారిందన్నప్పుడు పరిశోధకులు వాతావరణ కేంద్రం రికార్డులు తీసి చూశారు. కొన్ని సంగతులు కలిశాయి, కొన్ని కలవలేదు. ఇక్కడ ఎవరో ఒకరిది తప్పని తేల్చేయడం సులువు. వాళ్లు అలా చేయలేదు. కేంద్రం ఉన్నది ఊరి దగ్గర ఒకే చోట, వేటగాళ్లు తిరిగేది ఫియర్డుల్లో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లో), గడ్డ మీద, వందల కిలోమీటర్ల మేర. అందుకని వేటగాళ్లు, పెద్దలు ఎంచిన చోట్లలో కొత్త వాతావరణ కేంద్రాలు నెలకొల్పారు. ఇప్పుడు వాటి లెక్కలు వేటకు బయలుదేరేవాళ్లకూ, పరిశోధకులకూ ఒకే సమయంలో అందుతాయి. ఆ కేంద్రాల పథకం పేరు ‘సిలాలిరిజీత్’. ‘సిలా’ అంటే వాతావరణం, ఆకాశం, ఆరుబయలు. తెలివి, వివేకం అన్న అర్థం కూడా ఆ మాటకే ఉంది.

కెనడా తూర్పున లాబ్రడార్ తీరంలోని నైన్ అనే ఇన్యూట్ ఊరి అనుభవం మరింత చేదుగా మొదలైంది. 2009-10 శీతాకాలం అక్కడ అసాధారణంగా వెచ్చగా గడిచింది. నమ్మకమైన దారుల్లో గడ్డ పలచబడి మనుషులు నీళ్లలో పడిపోయారు. ఆ భయం నుంచి పుట్టిన సంస్థ స్మార్ట్ ఐస్. 2017లో ఐక్యరాజ్యసమితి వాతావరణ పురస్కారం అందుకుంది. దాని పరికరాలు రెండు. ఒకటి గడ్డలో నిలువునా దించే బోయీ: పైనుంచి కిందిదాకా ఉష్ణోగ్రతలు కొలిచి, మంచు ఎక్కడ ముగిసి గడ్డ ఎక్కడ మొదలైందో, నీరు ఎక్కడ ఉందో పసిగడుతుంది. రెండోది స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) వెనుక లాగే ‘కాముటిక్’ బండిలో అమర్చిన యంత్రం. ఉప్పునీటిలో విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది, గడ్డలో దాదాపు ప్రవహించదు. యంత్రం అయస్కాంత క్షేత్రాన్ని పంపి, నీటిలో పుట్టే విద్యుత్తును బట్టి నీరు ఎంత లోతున ఉందో కనిపెడుతుంది. పైనున్న మంచు లోతు తీసేస్తే గడ్డ మందం వస్తుంది.

ఈ బోయీలను బిగించేది నైన్‌లోనే, ఆ ఊరి యువతీయువకులే. సర్క్యూటు ఎలా పనిచేస్తుందో, ఉష్ణోగ్రత గ్రాఫులో వంపు ఎందుకు వచ్చిందో వాళ్లు పనిలో భాగంగా నేర్చుకుంటారు. బాఫిన్ దీవి ఉత్తరాన ఉన్న మిట్టిమతలిక్‌లోనైతే ఉపగ్రహ చిత్రాలు చదవడం నేర్చుకున్న ఊరివాళ్లు ప్రయాణ మ్యాపులు తయారు చేస్తారు. ప్రమాదకరమైన చోట్లకు ఆ మ్యాపుల మీద ఉండేవి ఇనుక్టిటుట్ పేర్లే. ఆ పేర్లు ఏవి, వాటి సరైన అర్థమేమిటి అన్నది పెద్దలు కూర్చుని చర్చించి తేల్చారు. బోయీ ఎక్కడ దింపాలన్నదీ ఊరి కమిటీలే నిర్ణయిస్తాయి. ఏ మలుపు దగ్గర ప్రవాహం గడ్డను కిందినుంచి తింటుందో, ఏ దారిన జనం ఎక్కువగా వెళ్తారో వాళ్లకు తెలుసు. చెప్పిన చోటికి కుర్రవాళ్లు స్నోమొబైల్ మీద వెళ్లి, గడ్డకు తూటు పొడిచి బోయీని దించి వస్తారు. మర్నాటి నుంచి ఆ మలుపు దగ్గర గడ్డ ఎన్ని సెంటీమీటర్లు ఉందో ఊరంతా ఫోనులో చూసుకుంటుంది.