సోవెటో వీధి కొట్లకు కాగితాలెందుకు లేవు?

2024 అక్టోబరులో దక్షిణాఫ్రికాలో, జొహానెస్‌బర్గ్ శివారు సోవెటోలో ఆరుగురు పిల్లలు విషాహారంతో చనిపోయారు. వాళ్ల ప్రాణం తీసింది టెర్బుఫోస్ అనే పురుగుమందు. చెత్త ఎత్తే దిక్కులేక ఎలుకలు పెరిగిపోయిన బస్తీల్లో జనం అలాంటి మందుల్నే చాటుగా కొని వాడుతున్నారు. అనుమానం మాత్రం వీధి కొట్ల మీదికి మళ్లింది. నవంబరు 15న అధ్యక్షుడు రామఫోసా ఈ కొట్లన్నీ 21 రోజుల్లో రిజిస్టర్ చేసుకోవాలన్నారు. వాటికి అండగా 50 కోట్ల రాండ్ల నిధి కూడా వచ్చింది. ఇన్నేళ్లుగా ఇన్ని కొట్లు కాగితాల్లేకుండా ఎందుకు నడిచాయో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

వీటిని అక్కడ స్పాజా షాపులంటారు. ఇంటి ముందు గదికో, గ్యారేజీకో ఇనుప చువ్వల కిటికీ పెట్టి అందులోంచే సరుకు అందిస్తారు. అర బ్రెడ్డు, ఒక్క సిగరెట్టు, ఒక గుడ్డు కూడా ఇస్తారు. ఏ పూటకాపూట కూలి డబ్బులతో కొనుక్కునేవాళ్లకు అదే ఆధారం. పక్కనే ఇంకొకరు పావు బ్రెడ్డు లోపల తొలిచి, బంగాళాదుంప వేపుళ్లు కూరి, మామిడి అచ్చార్ దట్టించి ‘కోటా’ అమ్ముతుంటారు. ఆ అచ్చార్ భారతీయులు అక్కడికి తీసుకెళ్లిన రుచే.

ఈ బస్తీలు వాటంతటవే ఊరి చివర పుట్టలేదు. తెల్లవాళ్ల ప్రభుత్వం తెచ్చిన 1923 నాటి చట్టం ఊళ్లలో నల్లవాళ్లకు విడిగా బస్తీలు కట్టించింది. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చి ఏ జాతివాళ్లు ఎక్కడుండాలో గీత గీసింది. 1955లో జొహానెస్‌బర్గ్‌లోని సోఫియాటౌన్ నుంచి నల్లవాళ్లను లారీల్లో ఎక్కించి సోవెటోలోని మెడోలాండ్స్‌కు తరలించారు. డర్బన్‌లో మునిసిపాలిటీ భారతీయ కూలీలు ఉండే మ్యాగజీన్ బ్యారక్స్ ఖాళీ చేయించి చాట్స్‌వర్త్‌కు పంపినవాళ్లలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. పని మాత్రం నగరంలోనే. తెల్లారకముందే బస్సో రైలో ఎక్కాలి, జీతంలో కొంత చార్జీలకే పోవాలి. మిగిలినదాన్ని నగరంలోనే ఖర్చుపెట్టి రావాలి, ఎందుకంటే బస్తీలో స్వేచ్ఛగా కొట్టు పెట్టుకోనిచ్చేవాళ్లు కాదు.

ఇది మాటవరసకు అంటున్నది కాదు. 1963 ఆదేశాల ప్రకారం బస్తీలో నల్లజాతి వ్యాపారికి ఒక్కటే కొట్టు ఉండాలి. అందులో రోజువారీ సరుకులే అమ్మాలి. పెట్రోలు బంకు, డ్రైక్లీనింగ్ లాంటివి కుదరవు. కంపెనీ పెట్టకూడదు, భాగస్వాములు ఉండకూడదు. కొట్టు గది సొంతంగా కట్టుకోకూడదు, మునిసిపాలిటీ దగ్గర అద్దెకు తీసుకోవాల్సిందే. పెట్టుబడి ఎక్కడా పోగుపడకుండా ఇంత జాగ్రత్తగా రాసిన నిబంధనలు చదివితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే కొట్లు ఇళ్లలోకి దూరాయి.

రిచర్డ్ మపోన్యా అనే నల్లజాతి వ్యాపారి సోవెటోలో బట్టల కొట్టు పెడతానంటే లైసెన్సు ఇవ్వలేదు. ఆయన పాల వ్యాపారంలోకి దిగి, సైకిళ్ల మీద కుర్రాళ్లతో ఇంటింటికీ పాలు పంపారు. పాతికేళ్లకు పైగా పోరాడి చివరికి పెద్ద మాల్ కట్టారు. 2007లో దాన్ని మండేలా ప్రారంభించారు. కానీ మాల్స్ వచ్చేకొద్దీ వాటిలోని సూపర్‌మార్కెట్లు చిన్న కొట్ల బేరాన్ని లాగేసుకున్నాయి. నలుగురైదుగురు కలిసి హోల్‌సేల్‌గా కొని చవగ్గా అమ్మే సోమాలీ, ఇథియోపియా వ్యాపారుల పోటీ ఇంకోవైపు. 2008 నుంచి పలుసార్లు ఆ కోపం వాళ్ల మీద దాడులుగా మారింది. వాళ్లు వాడుకున్న కిటుకు ఒక్కటే, కలిసి కొనడం. స్థానిక కొట్లవాళ్లు భాగస్వాములుగా కలవడాన్నే ఒకప్పుడు ఆ ఆదేశాలు నిషేధించాయి.

1994లో జాతి వివక్ష పాలన ముగిశాక ప్రభుత్వం లక్షల ఇళ్లు కట్టి పేదలకిచ్చింది. భూమి చవగ్గా దొరుకుతుందని చాలావరకు మళ్లీ ఊరి చివరే కట్టింది. చాలామంది చేతికి ఇప్పటికీ ఇంటి పట్టా రాలేదు. పట్టా లేకపోతే బ్యాంకు అప్పివ్వదు. నివాస స్థలంలో వ్యాపారానికి మునిసిపాలిటీ అనుమతి కావాలి, దానికీ కాగితాలే కావాలి. ఈ చిక్కులు విప్పడానికే జొహానెస్‌బర్గ్ ఉన్న ఖౌటెంగ్ రాష్ట్రం 2022లో బస్తీల ఆర్థికాభివృద్ధికి ప్రత్యేక చట్టం చేసింది.

అది జరిగిన రెండేళ్లకే 21 రోజుల గడువు వచ్చిపడింది. దాన్ని 2025 ఫిబ్రవరి 28 దాకా పొడిగించాల్సి వచ్చింది. నిధి మంచిదే, కానీ పట్టాలివ్వడం, కలిసి సరుకు కొనే ఏర్పాటు చేయడం దానికంటే ముందు జరగాల్సిన పనులు. చెత్త ఎత్తించడం కూడా.