మొదట ఏ కోడింగ్ భాష? అమీర్‌పేట క్లాసులో రోజూ వినే అపోహలు, వాటి వాస్తవాలు

మే, జూన్ నెలల్లో మైత్రీవనం దగ్గర పది అడుగులు వేస్తే చేతిలో నాలుగు పాంప్లెట్లు పడతాయి. ఒకదాంట్లో జావా ఫుల్ స్టాక్, ఇంకోదాంట్లో పైథాన్ విత్ ఏఐ, మరోదాంట్లో డేటా సైన్స్. ఆ కాగితాలన్నీ మడిచి జేబులో పెట్టుకుని మెట్లెక్కి వచ్చే తండ్రులు అడిగేది ఒకటే: "సార్, మావాణ్ని దేంట్లో చేర్చమంటారు?" పన్నెండేళ్లుగా ఇక్కడే పాఠాలు చెబుతున్నాను. ఆ ప్రశ్నకు జవాబివ్వడానికి పది నిమిషాలు చాలు. ఆ తర్వాతి ఆరు నెలలు ఎలా గడుస్తాయన్నది మాత్రం ఎవరూ అడగరు.

ముందు ఆ పది నిమిషాల జవాబు చెప్పేస్తాను. కాలేజీ సిలబస్‌లో సి ఉంటే సి నేర్చుకోండి, జావా ల్యాబ్ నడుస్తుంటే జావా. సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో ఎలాగూ పైథానే ఉంది, దాన్నే సాగించండి. వెబ్ పేజీలు చేయాలనే సరదా ఉంటే కాస్త హెచ్‌టీఎంఎల్ చూసుకుని జావాస్క్రిప్ట్. ఏదీ తేలకపోతే పైథాన్. ఇక అపోహల సంగతి.

అపోహ: సి రాకపోతే ఇంకేదీ రాదు

ఈ మాట ఎక్కువగా సీనియర్ల నుంచి వస్తుంది. వాళ్లు ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో సి తోనే మొదలుపెట్టారు కాబట్టి అదే పునాది అనుకుంటారు. సి ని 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారుచేశారు. కొత్తవాళ్లకు పాఠం చెప్పడానికి కాదు, యూనిక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకోవడానికి. కొత్తవాళ్ల కోసమే పుట్టిన భాషలు వేరే ఉన్నాయి. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో సైన్స్ చదవని విద్యార్థులను కూడా దృష్టిలో పెట్టుకుని బేసిక్ చేశారు. 1970లో నిక్లాస్ విర్త్ పాస్కల్‌ని పాఠాల కోసమే చేశారు. పైథాన్‌కు కూడా ఆ వాసన ఉంది. గైడో వాన్ రోసమ్ అంతకుముందు ఏబీసీ అనే బోధనా భాష మీద పనిచేసి, ఆ అనుభవంతో 1989 డిసెంబరులో పైథాన్ మొదలుపెట్టారు. 1991లో అది బయటికొచ్చింది.

సి తో మొదలుపెట్టిన పిల్లాడి మొదటి వారం ఎలా ఉంటుందో చూడండి. రెండు సంఖ్యలు తీసుకుని కూడాలి. కీబోర్డు నుంచి విలువ తీసుకునే స్కాన్‌ఎఫ్ రాస్తూ ఆంపర్సండ్ (&) గుర్తు మరిచిపోయాడు. ప్రోగ్రామ్ కుప్పకూలింది. ఎందుకో చెప్పాలంటే మెమరీ అడ్రస్ గురించి చెప్పాలి. అది చెప్పాలంటే ఆ అడ్రస్‌ని దాచుకునే పాయింటర్ దాకా వెళ్లాలి. వాడింకా రెండూ రెండూ కూడనే లేదు.

అలాగని సి దండగ అనను. ఈసీఈ పిల్లలకు, మైక్రోకంట్రోలర్ల మీద పనిచేయాలనుకునేవాళ్లకు అది కావాల్సిందే. సిలబస్‌లో సి ఉన్నవాళ్లు దాన్ని తిట్టుకుంటూ పక్కన పైథాన్ కూడా మొదలుపెడతారు చూడండి, వాళ్లు రెండూ వదిలేస్తారు. ఒకటి గట్టిపడేదాకా రెండోది ముట్టుకోవద్దు.

పనిలో పనిగా, నీలం తెర మీద కోడ్ రాసే ఆ పాత సాఫ్ట్‌వేర్ సంగతి. కొన్ని కాలేజీ ల్యాబుల్లో ఇంకా టర్బో సి ప్లస్ ప్లస్ నడుస్తోంది. అది 1990ల మొదట్లోది, సి ప్లస్ ప్లస్‌కు మొదటి ప్రామాణిక రూపం వచ్చింది 1998లో. అందుకే దాని సొంత ఆదేశాలైన క్లియర్‌స్క్రీన్, గెట్‌సీహెచ్ అలవాటుగా రాసిన ప్రోగ్రామ్‌ని ఇప్పటి కంపైలర్‌లో (కోడ్‌ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్‌లో) వేస్తే ఎర్రర్లు బారులు తీరతాయి. "సార్, కాలేజీలో పనిచేసింది, ఇక్కడ చేయట్లేదు" అని ఏడుపు మొహం పెడతారు. తప్పు పిల్లలది కాదు.

అపోహ: పైథాన్ చాలా ఈజీ, పదిహేను రోజుల్లో వచ్చేస్తుంది

మొదటి గంట నిజంగానే ఈజీ. రెండో గంటలో ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటే నాటకం. రెండు వస్తువుల ధరలు అడిగి కూడమంటాను. 10, 20 ఇస్తారు. తెర మీద 1020 వస్తుంది. కీబోర్డు నుంచి తీసుకున్నది ఏదైనా పైథాన్‌కు ముందు అక్షరాల వరసే, సంఖ్య కాదు. అక్షరాల మధ్య ప్లస్ పెడితే పక్కపక్కన అతికిస్తుంది. దాన్ని సంఖ్యగా మార్చమని మనమే చెప్పాలి. ఈ 1020ని చూసి నవ్విన వాళ్లకు డేటా టైప్ అంటే ఏమిటో జీవితంలో మళ్లీ చెప్పక్కర్లేదు.

పైథాన్‌లో లైను ముందు వదిలే ఖాళీకి కూడా అర్థం ఉంటుంది. వాట్సాప్‌లో స్నేహితుడు పంపిన కోడ్ కాపీ చేస్తే ఆ ఖాళీలు చెదిరిపోయి ఏదీ పనిచేయదు. లిస్టును, అంటే విలువల వరసను, ఇంకో పేరుకు ఇచ్చి "కాపీ అయింది" అనుకోవడం మరో గుంట. నిజానికి రెండు పేర్లూ ఒకే లిస్టును చూపిస్తుంటాయి, ఇక్కడ మార్చితే అక్కడా మారుతుంది.

పదిహేను రోజుల్లో వచ్చేది ఎక్కడ ఏ గుర్తు పెట్టాలో మాత్రమే. రోజూ గంటన్నర కూర్చుంటే, సొంతంగా చిన్న ప్రోగ్రామ్ రాయడానికి మూడు నాలుగు నెలలు పడుతుందని నా బ్యాచ్‌లు చూసి చెబుతున్నాను.

అపోహ: ఇంగ్లీష్ మీడియం వాళ్లకే కోడింగ్

తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఈ భయంతోనే వెనక బెంచీలో కూర్చుంటారు. ఇప్పటి పైథాన్‌లో మార్చడానికి వీల్లేని మాటలు 35. పాత సి లో 32. అంతే. ఇఫ్, ఎల్స్, వైల్, రిటర్న్... ఒక పూటలో కంఠతా వస్తాయి.

2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి వేరియబుల్ పేర్లు, అంటే విలువ దాచుకునే గడుల పేర్లు, తెలుగులోనే పెట్టుకోవచ్చు. వయసు = 20 అని అచ్చ తెలుగులో రాస్తే పనిచేస్తుంది. ఉద్యోగంలో అలా రాయరు, నేనూ రెండో వారం తర్వాత మాన్పిస్తాను. కానీ మొదటి రోజు ఆ లైను పనిచేయగానే వెనక బెంచీ ముందుకు జరుగుతుంది.

ఆ వెంటనే ఒక ప్రశ్న వేస్తాను. "తెలుగు" అనే మాట పొడవు ఎంతో పైథాన్‌నే అడగండి. మూడు అక్షరాలు కదా, 6 అంటుంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. కంప్యూటర్ అన్ని లిపులకూ వాడే యూనికోడ్‌లో గుణింతం గుర్తు విడిగా లెక్క. "స్త్రీ" అనే ఒక్క అక్షరానికీ 6 వస్తుంది. అదే "తెలుగు"ని సి లో స్ట్రింగ్ పొడవు అడిగితే మామూలుగా 18 వస్తుంది. యూనికోడ్‌ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, సి ఆ బైట్లను లెక్కపెడుతుంది. రెండు భాషలకూ తేడా ఏమిటని అడిగేవాళ్లకు నేనిచ్చే మొదటి జవాబు ఇదే. మన పిల్లలకు ఇంగ్లీష్ పిల్లల కంటే ముందే ఈ పాఠం అందుతుంది!

ఇంగ్లీష్ అవసరం పడేది ఎర్రర్ మెసేజ్ దగ్గర. అక్కడ అంతా చదవక్కర్లేదు. పైథాన్‌లో చివరి లైను ముందు చూడండి, తర్వాత ఏ లైను నంబరో చూడండి. మొదటి నెలలో తగిలేవి ఏడెనిమిది రకాలే. ఒక నోటుబుక్ పెట్టి, ఎడమ పక్క ఎర్రర్ పేరు, కుడి పక్క నేనేం తప్పు చేశానో తెలుగులో రాసుకోమంటాను.

అపోహ: లెక్కలు రానివాళ్లకు కోడింగ్ రాదు

శాతాలు, భాగహారంలో శేషం వస్తే మొదలుపెట్టడానికి చాలు. బైపీసీ పిల్లలు, బీకాం పిల్లలు బాగా చేసినవాళ్లు నా దగ్గర చాలామంది ఉన్నారు. మెషిన్ లెర్నింగ్‌లోకి లోతుగా వెళ్లాలంటే మాత్రం మ్యాట్రిసెస్, ప్రాబబిలిటీ తప్పవు. ఆ మాట పాంప్లెట్ మీద ఉండదు.

అపోహ: జావాకే ఉద్యోగాలు, మొదటిదే చివరిది

ముందు ఒక గందరగోళం తీర్చాలి. జావా, జావాస్క్రిప్ట్ ఒకటి కాదు. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ కోసం బ్రెండన్ ఐక్ పది రోజుల్లో రాసిన భాషకు, అప్పట్లో జావాకున్న గిరాకీ చూసి మార్కెటింగ్ కోసం ఆ పేరు తగిలించారు. "జావా వచ్చు కదా, జావాస్క్రిప్ట్ ఫీజు తగ్గించండి" అని ఒకాయన నాతో బేరమాడాడు.

ఫ్రెషర్ల ఆన్‌లైన్ కోడింగ్ పరీక్షల్లో చాలావరకు సి, సి ప్లస్ ప్లస్, జావా, పైథాన్‌లలో ఏదైనా ఎంచుకోమంటారు. ప్రశ్న మాత్రం ఒకటే. చేరాక ప్రాజెక్టులో ఏది ఇస్తే అది నేర్చుకోవాల్సిందే. ఒక భాషలో లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం), ఫంక్షన్ (పేరు పెట్టిన చిన్న కోడ్ ముక్క), లిస్టు నిజంగా అర్థమైతే రెండో భాష నెలలో పట్టుబడుతుంది.

అపోహ: వీడియోలు చూస్తే చాలు, మిగతాది ఏఐ రాస్తుంది

వీడియో చూస్తున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఖాళీ స్క్రీన్ ముందు కూర్చోబెడితే మొదటి లైను రాదు. అందుకే నా క్లాసులో ముందు కాగితం. వేరియబుల్‌కు ఒక గడి గీసి, లూప్ తిరిగిన ప్రతిసారీ విలువ కొట్టేసి కొత్తది రాయాలి. మా వాళ్లు దీన్ని డ్రై రన్ అంటారు, పిల్లలకు మహా బోరు.

ఆ తర్వాత ఇంట్లో అందరికీ తెలిసిన లెక్క ఒకటి ఇస్తాను: చిట్టీ. 20 మంది, నెలకు 5,000, మొత్తం లక్ష. ఈ నెల పాట 25,000 దగ్గర ఆగింది. పాడినవాళ్లకు 75,000. తగ్గిన 25,000లో నిర్వాహకుడి కమీషన్ లక్షకు 5 శాతం, అంటే 5,000. మిగిలిన 20,000 ఇరవై మందికి, తలా వెయ్యి. కాబట్టి ఆ నెల కట్టేది 4,000. ఇరవై నెలలకు ఈ లెక్క రాయమంటే లూప్, లిస్టు, షరతు అన్నీ వస్తాయి.

మొన్న ఒక కుర్రాడు ఏఐతో రెండు నిమిషాల్లో రాయించి తెచ్చాడు. చక్కటి పట్టిక, రంగులు కూడా. కానీ కమీషన్‌ని తగ్గిన మొత్తంలోంచి కాకుండా పాడినవాళ్ల డబ్బులోంచి కోసింది. నేను ఏమీ అనలేదు, ఇంటికెళ్లి అమ్మకు చూపించమన్నాను. వాళ్లమ్మ పదిహేనేళ్లుగా చిట్టీలు కడుతోంది. ఫోన్ తెర చూసి ఒక్కటే అడిగిందట: "పాడినవాళ్లకు డెబ్బై వేలే వచ్చాయేంటిరా? ఆ ఐదు వేలు ఎవరు తిన్నారు?"

మర్నాడు క్లాసుకు వచ్చి, వాడు ఆ కోడ్‌ని మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాడు.