సినిమా, టీవీ నిర్మాణంలో ఏఐ: అపోహలు - వాస్తవాలు

"ఆ షాట్ ఏఐలో చేసేద్దాం, సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) బడ్జెట్ మిగులుతుంది." ప్రొడక్షన్ మీటింగుల్లో ఈ మాట ఇప్పుడు తరచూ వినిపిస్తోంది. కొన్ని షాట్లకు నిజంగానే మిగులుతుంది. మిగతావాటికి ఆ ఖర్చు కంప్ ఆర్టిస్టు (వేర్వేరు దృశ్యాలను ఒకే షాట్‌గా కలిపేవారు) దగ్గరో, డీఐ (రంగులు దిద్దే) గదిలోనో, ఓటీటీ ఒప్పందం రాసుకునేటప్పుడో తేలుతుంది. ఏ షాట్ ఏ రకమో షూటింగ్‌కు ముందే తేల్చుకోవాలి.

అపోహ: ప్రాంప్ట్ రాస్తే షాట్ వస్తుంది, ఎడిట్‌లో పెట్టేయడమే.

చాలా టూల్స్ ఇచ్చేది 5 నుంచి 10 సెకన్ల ఎంపీ4 క్లిప్. 720 లేదా 1080 రిజల్యూషన్, 8 బిట్ రంగు, బాగా కంప్రెస్ అయిన ఫైల్. కెమెరా ప్లేటు (సెట్‌లో తీసిన అసలు షాట్) మాత్రం సీజీకి 16 బిట్ ఈఎక్స్‌ఆర్ ఫ్రేములుగా (వెలుగు వివరాలు పోకుండా దాచే ఫైళ్లుగా) వెళ్తుంది. థియేటర్‌కు వెళ్లే డీసీపీ (ప్రదర్శన కాపీ ఫైళ్లు) 12 బిట్. 4కే స్కోప్ (వెడల్పాటి తెర) అయితే 4096×1716. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 స్థాయిలే ఉంటాయి, 12 బిట్‌లో 4096. అందుకే ఫోన్‌లో ముచ్చటగా కనిపించిన సాయంకాలపు ఆకాశం, డీఐలో కాంట్రాస్టు కాస్త పెంచగానే చారలు చారలుగా విడిపోతుంది. తెల్లగా కాలిపోయిన చోట సమాచారమే ఉండదు కాబట్టి కలరిస్ట్ వెనక్కి లాగడానికి ఏమీ మిగలదు. అప్‌స్కేలర్ పిక్సెళ్లు పెంచుతుంది గానీ, పోయిన వెలుగును తేలేదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు కరెక్షన్లు. దర్శకుడు "ఆ దీపం కొంచెం ఎడమకి" అంటారు. సీజీ షాట్‌లో దీపానికి విడిగా లేయర్ ఉంటుంది, జరిపితే చాలు. ఏఐ క్లిప్‌లో లేయర్లు, డెప్త్ (ఏది ఎంత దూరమో), ఆల్ఫా (ఏ భాగం పారదర్శకమో) ఏవీ ఉండవు. మళ్లీ జనరేట్ చేస్తే దీపంతోపాటు గోడ మీద పెచ్చు, చీర అంచు, ఒక్కోసారి మనిషి ముఖం కూడా మారిపోతాయి. మార్చకుండా ఉంచాలంటే రోటో (ఫ్రేము ఫ్రేముకూ అంచు గీసి విడదీయడం) చేయాలి. 5 సెకన్లంటే 24 చొప్పున 120 ఫ్రేములు. "మిగిలిన" బడ్జెట్ పోయేది ఇక్కడే.

పని జరిగే పద్ధతి ఇది. నటీనటులను, ముందున్న వస్తువులను మామూలుగా షూట్ చేయండి. ఏఐని వెనకున్న దృశ్యానికే పరిమితం చేయండి. లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లు, కెమెరా ఎత్తెంత, వెలుగు ఏ వైపు నుంచి పడుతోంది, ఈ మూడూ సెట్‌లోనే రాసుకోండి. ప్లేటు నుంచి తీసిన ఒక స్టిల్‌ను మొదటి ఫ్రేముగా ఇచ్చి జనరేట్ చేయండి. ఫ్రేమ్ రేటు తప్పక చూసుకోవాలి: సినిమాకు 24, మన టీవీకి 25. టూల్ 16 లేదా 30 ఇస్తే, మార్చినప్పుడు పాన్‌లలో కుదుపు కనిపిస్తుంది. ప్లేటులో గ్రెయిన్ (చిత్రం మీది సన్నని చుక్కలు) తీసేసి కంప్ చేసి, చివర్లో రెండింటి మీదా ఒకే గ్రెయిన్ వేయాలి. ఆ తర్వాత ఎక్స్‌పోజర్ బాగా పెంచి ఒకసారి, తగ్గించి ఒకసారి చూస్తే అతుకులు బయటపడతాయి.

తెలుగు బోర్డుల విషయంలో మరీ జాగ్రత్త. గుణింతాలు, ఒత్తులు కలిసిన చోట వీడియో మోడల్ అక్షరాల్లాంటి గీతలు గీస్తుంది. బస్సు బోర్డు, కిరాణా కొట్టు పేరు ఖాళీగా ఉంచి, డిజైనర్ చేత రాయించి ట్రాక్ చేయడం (కెమెరాతోపాటు కదిలేలా అతికించడం) మేలు. అది గంటల పని. ప్రేక్షకుడు చదవలేని బోర్డు తెలుగు సినిమాలో కనిపించడం మనకే అవమానం.

అపోహ: అయితే ఏఐ పెద్ద సినిమాలకు పనికిరాదు.

ఇదీ తప్పే. అర్జెంటీనా సిరీస్ "ది ఎటర్నాట్"లో భవనం కూలే దృశ్యాన్ని జనరేటివ్ ఏఐ సాయంతో సంప్రదాయ పద్ధతికన్నా 10 రెట్లు వేగంగా పూర్తిచేశామని 2025 జులైలో నెట్‌ఫ్లిక్స్ చెప్పింది. ఆ పని చేసింది అనుభవమున్న వీఎఫ్‌ఎక్స్ నిపుణులే. ఇక స్టోరీబోర్డు, ప్రీవిజ్ (షూటింగ్‌కు ముందే చేసుకునే సీన్ నమూనా), రెక్కీ (లొకేషన్ చూసి రావడం) ఫొటో మీద సెట్ ఎలా ఉంటుందో చూపించడం, వైర్లు చెరిపే పెయింట్ పని: వీటిలో ఇప్పటికే నిస్సందేహంగా లాభం ఉంది.

అపోహ: డబ్బింగ్ ఇక బటన్ నొక్కితే అయిపోతుంది.

డబ్బింగ్ రచయిత క్లోజప్ చూడగానే ముందు ప, ఫ, బ, భ, మ ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకుంటారు. అక్కడ పెదాలు కలుస్తాయి, ప్రేక్షకుడి కన్ను అక్కడే ఉంటుంది. హిందీలో "కామ్" అని నటుడు నోరు మూస్తే, తెలుగు "పని" నోరు తెరిచే ముగుస్తుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి ఈ ఇబ్బంది ప్రతి రీల్లోనూ వస్తుంది. మెషిన్ అనువాదం అర్థం చూస్తుంది, పెదాలు చూడదు. ఇంగ్లిష్ "యూ"ను నువ్వు చేయాలో మీరు చేయాలో దానికి తెలియదు. కోడలు మామగారిని "నువ్వు" అంటే ఆ సీన్ అక్కడే పోయింది. యాసను చదును చేసేస్తుంది. ఏడుపు మధ్యలో ఊపిరి, మాట మింగడం ఇంకా కృతకంగానే వస్తున్నాయి.

లిప్‌సింక్ టూల్స్ ఎదురుగా ఉన్న ముఖం మీద బాగా పనిచేస్తాయి. పక్కకు తిరిగినా, చెయ్యి నోటికి అడ్డొచ్చినా పళ్లు మెరుస్తూ కదులుతాయి. ఫైల్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్‌గా తీసుకోండి. ఎంపీ3లోని లోహపు శబ్దం థియేటర్‌లో సెంటర్ స్పీకర్ బయటపెట్టేస్తుంది. స్క్రాచ్ ట్రాక్‌కు (ఎడిటింగ్ కోసం పెట్టుకునే తాత్కాలిక గొంతుకు) మాత్రం ఏఐ గొంతు చక్కగా సరిపోతుంది. ఎం అండ్ ఈ ట్రాక్ (డైలాగు లేకుండా సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్నది) లేని పాత సీరియళ్లలో డైలాగును విడదీయడానికి కూడా; అయితే ప్రతిధ్వని ఉన్న గదుల్లో పాత గొంతు నీడ మిగులుతుంది.

అపోహ: రికార్డింగులు మన దగ్గరున్నాయి కాబట్టి ఆ గొంతు వాడుకోవచ్చు.

రికార్డింగు మీద హక్కు వేరు, మనిషి గొంతు మీద హక్కు వేరు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును అనుమతి లేకుండా ఏఐతో వాడారంటూ ఆయన కుటుంబం తరఫున ఎస్పీ చరణ్ ఒక తెలుగు సినిమా బృందానికి లీగల్ నోటీసు పంపిన సంగతి 2024లో వార్తల్లోకి వచ్చింది. అదే ఏడాది బంబా బక్యా, షాహుల్ హమీద్ గొంతులను ఒక తమిళ పాటకు వాడినప్పుడు, కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం ఇచ్చామని ఏఆర్ రెహమాన్ చెప్పారు. 2024 జులైలో అరిజిత్ సింగ్ కేసులో, అనుమతి లేని వాయిస్ క్లోనింగ్‌కు వ్యతిరేకంగా బాంబే హైకోర్టు మధ్యంతర రక్షణ ఇచ్చింది. "అన్ని హక్కులూ నిర్మాతవే" అన్న పాత వాక్యం మీద ఆధారపడకండి. ఏ సినిమాకు, ఏ భాషలకు, ఎన్ని నిమిషాలకు, ఎంత పారితోషికానికి, పని అయ్యాక మోడల్‌ను ఎప్పుడు చెరిపేస్తారు: ఇవన్నీ విడిగా రాసి సంతకం తీసుకోవాలి. గొంతే జీవనోపాధి అయిన డబ్బింగ్ ఆర్టిస్టుకు మనం ఇవ్వగలిగిన కనీస మర్యాద అది.

అపోహ: మనం ప్రాంప్ట్ రాశాం కాబట్టి కాపీరైట్ మనదే.

మన 1957 కాపీరైట్ చట్టం, కంప్యూటర్ సృష్టించిన రచనకు దాన్ని సృష్టింపజేసిన వ్యక్తినే కర్త అంటుంది. అమెరికా కాపీరైట్ కార్యాలయం మాత్రం ఒట్టి ప్రాంప్టులు చాలవని 2025 జనవరి నివేదికలో చెప్పింది. మనిషి చేసిన మార్పులకు, కూర్పుకు రక్షణ ఉంటుంది. మన సినిమాలు అక్కడా విడుదలవుతాయి. కాబట్టి హీరో రూపాన్నో, సీక్వెల్‌లో మళ్లీ రావాల్సిన వింత జంతువునో నేరుగా మోడల్ నుంచి తీసుకోకండి. ముందు ఆర్టిస్టు చేత గీయించండి.

ఉచిత ఖాతాలో స్క్రిప్టు పేజీలు, విడుదల కాని ఫుటేజీ ఎక్కించొద్దు. ఇచ్చిన డేటాను దాచుకోబోమని, శిక్షణకు వాడబోమని రాతపూర్వకంగా ఒప్పుకునే ప్లాన్ తీసుకోండి, లేదా సొంత మెషిన్ మీద నడపండి. షాట్ నంబరు, టూల్ పేరు, వెర్షన్, తేదీ, ప్రాంప్ట్, సీడ్ (ఆ క్లిప్ తయారవడానికి మొదట వాడిన సంఖ్య), ఇచ్చిన రెఫరెన్స్ చిత్రం ఎవరిది, ఆ తర్వాత మనిషి చేసిన పని ఏమిటి: ఈ వివరాల షీటును మొదటి షాట్ నుంచే నింపాలి. డెలివరీ వారంలో కూర్చుని గుర్తు తెచ్చుకుంటే సీడ్ ఎవరికీ గుర్తుండదు.