ముఠాల బస్తీల్లో ప్రభుత్వం లేదంటారా?

పేదల బస్తీల్లో ముఠాల పెత్తనం మీద పనిచేస్తానని చెప్పగానే చాలామంది అనే మాట: "అక్కడ ప్రభుత్వమే ఉండదు కదండీ!" అధికారులు కూడా ఇదే అంటారు. ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: ప్రభుత్వం లేని చోటే ముఠాలు పుడతాయి.

వాస్తవం: బ్రెజిల్‌లోని అతి పెద్ద ముఠా పీసీసీ (ప్రిమెయిరో కమాండో ద కాపిటల్) 1993లో సావో పాలో రాష్ట్రంలోని ఒక జైల్లో పుట్టింది. అంతకు ముందు ఏడాదే కారందిరు జైల్లో పోలీసులు 111 మంది ఖైదీలను చంపేశారు. ముఠా ఆ ఘోరాన్నే చూపించి తోటి ఖైదీలను కూడగట్టింది. జైలంటే నిద్ర లేవడం దగ్గర్నుంచి తిండి దాకా అంతా ప్రభుత్వం చేతిలో ఉండే చోటు మరి!

అదే బ్రెజిల్‌లో, రియో డి జనీరో బస్తీల్లో పెత్తనం చేసే మిలీషియాలనే సాయుధ దళాలది ఇంకో విడ్డూరం. వాటిలో పోలీసులు, ఫైర్ సిబ్బంది, జైలు గార్డులు ఉన్నారని 2008లో అక్కడి శాసనసభ విచారణలోనే తేలింది. డ్రగ్స్ ముఠాల నుంచి కాపాడతామని వచ్చినవాళ్లు, గ్యాస్ సిలిండర్ కూడా తాము చెప్పిన చోటే కొనాలన్నారు. దొంగ కేబుల్ కనెక్షన్, వ్యాన్ సర్వీసు, అన్నిట్లోనూ వాళ్ల వాటా ఉంటుంది.

అందుకే నేను "ప్రభుత్వం లేదు" అనను. లాఠీ వస్తుంది, ఇంటి పట్టా రాదు. అంతే తేడా.

అపోహ: జనమే ముఠాను నెత్తిన పెట్టుకుంటారు.

వాస్తవం: బస్తీల్లో తగాదాలు ముఠానే తీరుస్తుంది. ఒకసారి అలాంటి సెటిల్‌మెంట్ దగ్గర కూర్చున్నాను. పైఇంటి నీళ్లు కింది ఇంటి గోడలోకి దిగుతున్నాయని తగాదా. ప్లాస్టిక్ కుర్చీలో పాతికేళ్లు కూడా లేని ముఠా కుర్రాడు, చేతిలో రెండు ఫోన్లు. ఇద్దరు చెప్పిందీ విని, "రేపటికల్లా పైపు అటు తిప్పించు" అన్నాడు. పది నిమిషాల్లో అయిపోయింది. నిజం చెప్పాలంటే తీర్పు న్యాయంగానే ఉంది. కోర్టుకెళ్తే ఎన్నేళ్లు పట్టేదో!

కొన్ని నెలలకు ఆ తగాదాలో గెలిచిన కింది ఇంటావిడ దగ్గరికి ముఠా నుంచి ఒక సంచి వచ్చింది, "రెండ్రోజులు దాచిపెట్టక్కా" అని. లోపల ఏముందో ఆవిడ అడగలేదు. వద్దనే వీలూ లేదు. దీన్ని బయటివాళ్లు మద్దతు అంటారు. నేను బాకీ అంటాను.

ఎదురు తిరగొచ్చు కదా అనేవాళ్లకు ఇటలీలోని పలెర్మో గురించి చెబుతాను. అక్కడ మాఫియాకు మామూళ్లు కట్టనని లిబెరో గ్రాస్సి అనే బట్టల ఫ్యాక్టరీ యజమాని బహిరంగంగా ప్రకటించాడు. తోటి వ్యాపారులు అండగా నిలవలేదు. 1991 ఆగస్టు 29న మాఫియా అతణ్ణి కాల్చి చంపింది. 2004లో కొందరు కుర్రాళ్లు ఊరంతా రాత్రికి రాత్రి స్టిక్కర్లు అంటించి అడియోపిజ్జో (మామూళ్లకు వీడ్కోలు) ఉద్యమం మొదలుపెట్టారు. మామూళ్లు కట్టని షాపుల జాబితా వేసి, అక్కడే కొనమని జనాన్ని కోరారు. షాపువాడు ఒంటరిగా మిగలకుండా చూడటమే దాని కిటుకు.

అపోహ: బస్తీ కుర్రాళ్లంతా ముఠావాళ్లే.

వాస్తవం: కాదు. ఎక్కువమంది పనికెళ్లి ఇంటికొచ్చేవాళ్లే. కానీ ఉద్యోగానికెళ్తే అడ్రస్ చూడగానే పక్కన పెట్టేస్తారు.

అపోహ: హత్యలు తగ్గాయంటే ముఠా పోయినట్టే.

వాస్తవం: నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. రెండు ముఠాలు కొట్టుకుంటే శవాలు లేస్తాయి. ఒకటే గెలిచి స్థిరపడితే లెక్కలు చక్కబడతాయి, మంత్రిగారు ప్రెస్‌మీట్ పెడతారు. కొలంబియాలోని మెడెయిన్‌లో 2004లో కొండమీది బస్తీలకు కేబుల్ కారు వేశారు. మంచి పనే. 1990ల మొదట్లో ప్రపంచంలోనే అతి ప్రమాదకరమైన నగరాల్లో ఒకటిగా పేరుపడ్డ ఆ ఊళ్లో హత్యలు బాగా తగ్గాయి. మామూళ్లు మాత్రం ఆగలేదు. వాటిని అక్కడివాళ్లు "టీకా" అంటారు, వేయించుకుంటే ఏమీ కాదన్నమాట!

రియోలో 2008 డిసెంబరులో శాంతా మార్తా బస్తీతో మొదలుపెట్టి బస్తీల్లోనే పోలీసు స్థావరాలు తెరిచారు. మొదట కాల్పులు తగ్గాయి. వెనకాలే వస్తాయన్న సేవలు చాలాచోట్ల రాలేదు. 2018 నాటికి కొన్ని స్థావరాలు మూసేయడం మొదలైంది.

అందుకే కొత్త బస్తీకి వెళ్తే పోలీసులెంతమందని నేను అడగను. ఇంటి అడ్రస్ రుజువు కాగితం కావాలంటే ఎవరి దగ్గరికెళ్తారని అడుగుతాను.