ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నావు? గేలిక్ పాటల సేకరణ వెనకటి కథ

నెట్‌లో స్కాట్లండ్ పాత భాష అయిన గేలిక్‌లో పాట వింటున్నప్పుడు రచయిత పేరు ఉండాల్సిన చోట చాలాసార్లు 'ట్రెడిషనల్' అన్న ఒక్క మాట కనిపిస్తుంది. వాద్యాలు అమర్చినవారి పేరు ఉంటుంది, కంపెనీ ముద్ర ఉంటుంది. ఆ పాటను తరతరాలుగా నోట నిలుపుకున్న ఊరి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. రికార్డర్ ముందు కూర్చుని దాన్ని పాడి ఇచ్చిన ముసలమ్మ పేరూ ఉండదు. స్కాట్లండ్ పడమటి తీరంలోని హెబ్రిడీస్ దీవుల్లో ఆనవాయితీ ఇది కాదు. పాటతోపాటు అది ఎవరి నోటి నుంచి తనకు వచ్చిందో కూడా చెప్పుకోవడం అక్కడి మర్యాద. ఆ వరస ఎక్కడ తెగింది, దాన్ని మళ్ళీ ముడివేయడానికి ఎవరెవరు ఏం చేశారు అన్నదే ఈ కథనం.

ముందు భాష సంగతి. దీవుల్లోని తెగ నాయకులు తమ వారసులను లోలాండ్స్ (స్కాట్లండ్ దక్షిణ మైదానాలు) బడులకు పంపి ఇంగ్లీషు నేర్పించాలని 1609 నాటి అయోనా శాసనాలు షరతు పెట్టాయి. 1746లో ప్రభుత్వ సైన్యం చేతిలో కలోడెన్ యుద్ధం ఓడిపోయాక తెగల వ్యవస్థే విరిగిపోయింది. ఆ తర్వాత బ్యాగ్‌పైపులను చట్టం నిషేధించిందని చాలామంది రాస్తుంటారు. నిజానికి ఆ చట్టం నిషేధించింది ఆయుధాలనూ హైలాండ్ (తెగలు ఉండే కొండ సీమ) దుస్తులనూ. అందులో బ్యాగ్‌పైపు ఊసే లేదు. పాత సంగీతం గురించి నలుగురికీ చెప్పేవాళ్ళు ఇలాంటివి సరిచూసుకుని చెప్పాలని నా మనవి. ఆ తర్వాతి వంద ఏళ్ళలో భూస్వాములు గొర్రెల పెంపకం కోసం పల్లెలకు పల్లెలే ఖాళీ చేయించారు. వేలమంది ఓడలెక్కి కెనడాలోని కేప్ బ్రెటన్ దీవి చేరారు. 1872 విద్యాచట్టంలో గేలిక్ ప్రస్తావనే లేదు. బళ్ళో గేలిక్ మాట్లాడిన పిల్లల మెడలో కర్రముక్క వేలాడదీసేవారని పెద్దలు చెప్పుకునేవారు. తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలక కట్టిన బడి గురించి పేపర్లో చదివిన మనకు ఆ అవమానం వేరే వివరించనక్కర్లేదు. 1891 జనాభా లెక్కల్లో గేలిక్ మాట్లాడేవారు రెండున్నర లక్షలకు పైన ఉంటే, 2011 నాటికి 57 వేల చిల్లర మిగిలారు.

భాష ఇలా తరుగుతున్నా పాట నిలిచిందంటే, అది కచేరీల కోసం పుట్టింది కాదు గనక. బట్ట చిక్కబరిచేటప్పుడు పాడే పాటల్నే తీసుకోండి. మగ్గం మీంచి దిగిన ఉన్ని బట్ట వదులుగా, గరుకుగా ఉంటుంది. దాన్ని ఇంట్లో నిలవ ఉంచిన మూత్రంలో నానబెట్టి, పొడవాటి బల్లకు అటూ ఇటూ ఆడవాళ్ళు కూర్చుని, ఆ తడి బట్టను బల్లకేసి లయగా బాదుతూ, సూర్యుడు తిరిగే దిక్కుగా పక్కవాళ్ళకు జరుపుతూ పోయేవారు. ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు వంత అందుకుంటారు. వంతలో చాలా మాటలకు అర్థం ఉండదు, మన దంపుళ్ళ పాటలో 'సువ్వీ' లాగ. అర్థం లేదు కదా అని ఎలా పడితే అలా మార్చడానికి వీల్లేదు. ఏ పాట వంత దానిదే, వంత వింటేనే పాట ఏదో తెలిసిపోతుంది. ఒక బట్ట పని అయ్యేలోగా ఒకే పాట రెండోసారి పాడితే అరిష్టమని నమ్మేవారు. అందుకే పాట ఎత్తుకునే మనిషికి ఎన్నో పాటలు నోటికి వచ్చి తీరాలి. బట్ట ఎంత దగ్గరపడిందో మధ్యవేలితో కొలిచి, ఇంకో రెండు పాటలు కావాలి, మూడు కావాలి అని లెక్క చెప్పేవారు. సముద్రంలో పోయిన ప్రియుడు, పెళ్ళికాకుండా కడుపుతో ఉన్న పిల్ల, పుట్టింటివాళ్ళను చంపిన మెట్టినింటివాళ్ళు, ఇవన్నీ ఆ పాటల్లో ఉన్నాయి. వాటిలో కొన్ని 16, 17 శతాబ్దాల నాటివి. కట్టింది ఎక్కువగా ఆడవాళ్ళే. రాజాస్థానాల కవులు రాయని చరిత్ర అక్కడ ఉంది.

సేకరించేవాళ్ళంతా ఎక్కువగా బారా, సౌత్ యూయిస్ట్, ఎరిస్కే దీవులకే ఎందుకు వెళ్ళారన్నదానికీ కారణం ఉంది. 1843లో స్కాట్లండ్ ప్రొటెస్టెంట్ చర్చి చీలిపోయి ఫ్రీ చర్చి ఏర్పడ్డాక, దాని పట్టు బలంగా ఉన్న దీవుల్లో చాలామంది బోధకులు లౌకికమైన పాటల్ని, ఫిడేలుని పాపంగా చూశారు. అక్కడ గొంతులు కీర్తనల వైపు మళ్ళాయి. లూయిస్ దీవిలో ఒకరు పంక్తి అందిస్తే సభ మొత్తం అలలా అందుకుని పాడే ఆ కీర్తనలు మరో గొప్ప సంపద. కేథలిక్కులైన దక్షిణ దీవుల్లో ఆ ఒత్తిడి తక్కువ, కాబట్టి పాత పాటలు అక్కడ ఎక్కువ మిగిలాయి.

1905లో మార్జరీ కెనడీ ఫ్రేజర్ అనే గాయని ఎరిస్కే వెళ్ళింది. ఊళ్ళోవాళ్ళ పాటలు విని, తర్వాత ఫోనోగ్రాఫ్ అనే తొలినాటి రికార్డింగ్ యంత్రపు మైనపు గొట్టాల మీద పట్టుకుని, వాటికి పియానో అమర్చి, ఇంగ్లీషు మాటలు కూర్చి 1909 నుంచి సంపుటాలుగా అచ్చువేసింది. పట్నాల హాళ్ళలో ఆ పాటలకు విపరీతమైన ఆదరణ వచ్చింది. కానీ బల్ల దగ్గర చెమటోడ్చి పాడిన పాట కాస్తా మంచుతెరల వెనక నుంచి వినిపించే కలలా మారిపోయింది. గేలిక్ తెలిసినవాళ్ళు దీన్ని గట్టిగానే తప్పుపట్టారు, నేనూ వాళ్ళ పక్షమే. సరిగ్గా రెండేళ్ళకు, 1911లో, స్కై దీవికి చెందిన ఫ్రాన్సెస్ టోల్మీ చిన్ననాటి నుంచి విన్న 105 పాటలు లండన్‌లోని ఫోక్ సాంగ్ సొసైటీ పత్రికలో వచ్చాయి. పియానో లేదు, నగిషీలు లేవు. పాట, దాని మాటలు, ఎవరు పాడారు, ఏ ఊరు, అంతే. ఆ రోజుల్లో పేరొచ్చింది మొదటి ఆవిడకే. అయితే కెనడీ ఫ్రేజర్ పట్టుకున్న మైనపు గొట్టాలు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. అచ్చులో మరుగునపడిన ఆ గొంతుల్ని ఇవాళ పరిశోధకులు వినగలుగుతున్నారంటే అదీ ఆవిడ పుణ్యమే.

ఇక్కడ నన్ను కదిలించే మలుపు ఒకటుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా నుంచి వచ్చి స్కాట్లండ్‌లో చదువుకుంటున్న మార్గరెట్ ఫే షా బళ్ళో కెనడీ ఫ్రేజర్ కచేరీ విన్నది. ఈ నగిషీల అడుగున అసలు పాట వేరే ఉండి ఉంటుందనిపించింది ఆ పిల్లకు. వెతుక్కుంటూ సౌత్ యూయిస్ట్ చేరి, పేగీ, మారీ మక్రే అనే అక్కచెల్లెళ్ళ ఇంట్లో 1929 నుంచి ఆరేళ్ళు ఉండిపోయింది. ఆవు పాలు పితకడం, పొయ్యిలోకి పీట్ మట్టి తవ్వడం మధ్యలో విన్న పాటలను స్వరం తప్పకుండా రాసుకుంది. 1955లో వచ్చిన ఆమె పుస్తకంలో పాటతోపాటు ఆ ఇళ్ళ వంటలు, మందులు, సామెతలూ ఉన్నాయి. పాటను ఇంట్లోంచి విడదీసి చూపడం ఆమెకు ఇష్టం లేదు. ఆమె పెళ్ళాడిన జాన్ లార్న్ క్యాంప్‌బెల్ 1937లో బారాలో మైనపు గొట్టాలతో మొదలుపెట్టి, అదే ఏడు భార్యతో కలిసి, కేప్ బ్రెటన్ దీవి ఉన్న నోవా స్కోషియా రాష్ట్రానికి వెళ్ళి, వలస వెళ్ళిన హెబ్రిడీస్ వాళ్ళ మనవలు పాడే పాటలను రికార్డు చేశాడు. తరాల కిందట ఓడెక్కిన పాటలు అట్లాంటిక్ అవతల బతికే ఉన్నాయి. 1938లో క్యాంప్‌బెల్ హెబ్రిడీస్‌లోని కానా అనే చిన్న దీవిని కొన్నాడు. 1981లో దీవినీ, జీవితకాలం కూడబెట్టిన సేకరణనూ వారసత్వ స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్‌కు ఇచ్చేశాడు.

రాసే అనే పేరుగల దీవిలో పుట్టిన కాలమ్ మక్లీన్ సేకరణ పని నేర్చుకున్నది ఐర్లండ్ జానపద కమిషన్‌లో. అక్కడ డబ్బు కొరత. గొట్టం మీది పాటను కాగితం మీదకు ఎక్కించుకోగానే మైనం చెక్కేసి, మళ్ళీ అదే గొట్టాన్ని వాడేవారు. మాటలు మిగిలాయి, గొంతు పోయింది. 1951లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ ఏర్పడి మక్లీన్ దాని తొలి సేకర్త అయ్యేనాటికి టేప్ రికార్డర్ వచ్చింది. గేలిక్ అతని తల్లిభాష. పాడేవాళ్ళ ఇంట్లో చుట్టంలా కూర్చునేవాడు. క్యాన్సర్ వచ్చి ఎడమ చెయ్యి తీసేశాక కూడా ఊళ్ళు తిరగడం మానలేదు. 1960లో, 45 ఏళ్ళు నిండకుండానే, సౌత్ యూయిస్ట్‌లో పోయాడు. అదే సంస్థలో హేమిష్ హెండర్సన్ ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన స్కాట్స్ భాషలో పాడే సంచార కుటుంబాల దగ్గరకు వెళ్ళాడు. ఊరివాళ్ళు గడప తొక్కనివ్వని మనుషుల దగ్గర అతనికి గొప్ప కథాగేయాలు దొరికాయి. 1953లో అబర్డీన్‌లో కలిసిన జీనీ రాబర్ట్‌సన్ వాళ్ళలో ఒకరు.

ఇంత జరిగాక టేపులన్నీ ఎడిన్‌బరోలో బీరువాల్లో చేరాయి. పాడినవాళ్ళ మనవరాలు అమ్మమ్మ గొంతు వినాలంటే ఓడా రైలూ ఎక్కి నగరానికి రావాలి. ఈ దూరం తగ్గించడానికే 2006లో టోబర్ అన్ డువల్కస్ అనే పని మొదలైంది. 'వారసత్వపు బావి' అని దాని అర్థం. ఎడిన్‌బరో టేపులు, బీబీసీ గేలిక్ రికార్డులు, కానా సేకరణ డిజిటల్ రూపంలోకి మారి 2010 నుంచి నెట్‌లో ఎవరికైనా ఉచితంగా వినిపిస్తున్నాయి. ప్రతి పాటకూ పాడినవారి పేరు, రికార్డు చేసినవారి పేరు, తేదీ ఉంటాయి. నెట్‌లో పెట్టేముందు పాడినవారినో వారి కుటుంబాన్నో వెతికి అనుమతి అడిగే పని కూడా పెట్టుకున్నారు. చట్టం దృష్టిలో రచయిత తెలియని పాత పాట ఎవరి సొత్తూ కాదు, కొత్తగా అమర్చిన వాద్యాలకే హక్కు. చట్టం అడగకపోయినా ఆ పాట ఎవరిదో అడగవచ్చని వాళ్ళు చేసి చూపించారు.

కాబట్టి అక్కణ్ణుంచి ఒక పాట నేర్చుకుని వేదిక మీద పాడినా, లింకు నలుగురికి పంపినా, ఆ పేజీలో ఉన్న పేరూ ఊరూ వెంట పంపండి. వింటున్నప్పుడు పాట ఆగాక టేపును వెంటనే ఆపెయ్యకండి. కొన్ని టేపుల్లో పాట అయ్యాక సేకర్త గేలిక్‌లో నెమ్మదిగా ఒక ప్రశ్న అడుగుతాడు. అవతలి గొంతు కాసేపు ఆలోచించుకుని ఒక మనిషి పేరు చెబుతుంది.