పిన్ కోడ్‌లో దాగిన కారణాంకాలు

1972 ఆగస్టు 15న మొదలైన పిన్ కోడ్ విధానంలో హైదరాబాదు అబిడ్స్‌లోని ప్రధాన తపాలా కార్యాలయానికి 500001, చార్మినార్‌కు 500002, సికింద్రాబాదుకు 500003 దక్కాయి. తపాలా శాఖ వీటిని కూడికలకూ హెచ్చవేతలకూ ఉద్దేశించలేదు. అయినా మామూలు పూర్ణ సంఖ్యలుగా తీసుకుని కారణాంకాలుగా విడగొడితే, వరుసగా వచ్చే ఈ మూడింటి స్వభావాలు ఒకదానితో ఒకటి ఎంతమాత్రం పొసగవు.

500001 అంకెల మొత్తం 6 కనుక అది 3తో భాగింపబడుతుంది, భాగఫలం 166667. ఈ భాగఫలం ప్రధాన సంఖ్య. ఆ మాట తేల్చడానికి దాని వర్గమూలం 409 కంటే తక్కువ కనుక అంతలోపు ఉన్న 79 ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. విసుగు పుట్టించే పనే గాని కాగితం మీద సాధ్యమే. రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం కాబట్టి 500001 అర్ధప్రధాన సంఖ్య. పైగా 3నూ 166667నూ 4తో భాగిస్తే రెండింటికీ శేషం 3 వస్తుంది. ఇలాంటి రెండు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్త మాన్యుయెల్ బ్లమ్ పేరిట బ్లమ్ సంఖ్య అంటారు. లెనోర్ బ్లమ్, మాన్యుయెల్ బ్లమ్, మైకేల్ షబ్ 1986లో ప్రచురించిన యాదృచ్ఛిక అంకెలను పుట్టించే పద్ధతికి ఇవే ఆధారం. రహస్య లిపి అవసరాలకు మాత్రం వందలాది అంకెలున్నవి కావాలి.

500001ను రెండు పూర్ణ సంఖ్యల వర్గాల మొత్తంగా రాయగలమా? రాయలేం. ఏ వర్గాన్ని 3తో భాగించినా శేషం 0 గాని 1 గాని వస్తుంది. కనుక రెండు వర్గాల మొత్తం 3తో భాగింపబడాలంటే ఆ రెండూ 3 గుణిజాల వర్గాలే కావాలి. అప్పుడు మొత్తం 9తోనూ భాగింపబడాలి. అంకెల మొత్తం 6 ఉన్న సంఖ్యకు అది కుదరదు. నా దృష్టిలో బడిపిల్లలకు చూపదగిన చక్కని నిరూపణ ఇది.

చార్మినార్ సంఖ్య ఇందుకు పూర్తిగా భిన్నం: 500002 = 2 × 53 × 53 × 89. ఇందులో 53 రెండుసార్లు వచ్చింది. ఇది 501, 499ల వర్గాల మొత్తం కూడా. సికింద్రాబాదు సంఖ్య 7 × 71429. అర్ధప్రధానమే గాని, 71429ను 4తో భాగిస్తే శేషం 1 కాబట్టి బ్లమ్ సంఖ్య కాదు.

అయిదు లక్షలు దాటాక తొలి ప్రధాన సంఖ్య 500009. సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్ పిన్ కోడ్ అదే. 4తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యా రెండు వర్గాల మొత్తమేనని 17వ శతాబ్దంలో గణిత శాస్త్రవేత్త ఫెర్మా చెప్పగా, 18వ శతాబ్దంలో మరో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ నిరూపించాడు. 500009 విషయంలో ఆ వర్గాలు 325, 628లవి: 1,05,625 + 3,94,384. ఇలా రాయడానికి మరో దారి లేదు.